‘వన్వ’కి తెలుగు మాట: కోల్పోయామా, పోయిందా?

సీతమ్మధార నుంచి ప్రశ్న

ఇంగ్లీషు రచయిత టోల్కీన్ తన కథల్లోని ఎల్ఫులనే జాతికి కల్పించిన భాషల్లో విడిపోవడానికి, పోగొట్టుకోవడానికి సంబంధించిన మాటలన్నీ ఒకచోట చేర్చి తెలుగు అర్థాలు రాస్తున్నాను. క్వెన్య భాషలోని ‘వన్వ’ దగ్గర ఆగిపోయాను. ఇంగ్లీషులో ‘లాస్ట్’ అని ఉంది కదా అని ‘కోల్పోయిన’ అని రాసుకున్నాను. తీరా ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో గలద్రియెల్ పాడే ‘నమారియె’ పాటలో ఆ మాట వచ్చే పాదాన్ని, ‘సీ వన్వ నా, రోమెల్లొ వన్వ, వలిమర్’ అన్నదాన్ని, తెలుగు చేస్తే ‘ఇప్పుడు కోల్పోబడింది, తూర్పు నుంచి కోల్పోబడింది వలిమర్’ అని వచ్చింది (వలిమర్ అంటే సముద్రం అవతల పడమటి లోకంలోని నగరం). పంటి కింద రాయిలా ఉంది. ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి.

ఇంకో రెండు అనుమానాలు. ‘ఔత’ అనే క్రియకి భూతకాలం రెండు రకాలుగా ఎందుకు ఇచ్చారు? ‘నమారియె’ని ‘వీడ్కోలు’ అనేయవచ్చా?

లాసన్స్ బే కాలనీ నుంచి

అమ్మా, తప్పు ‘కోల్పోవు’ దగ్గరే ఉంది. ఆ మాటని విడదీసి చూడండి: కోలు, పోవు. కోలు అంటే కొనడం, అంటే తీసుకోవడం, దక్కించుకోవడం. వేడుకోలు, మేలుకోలు, కొనుగోలు అన్నిట్లోనూ ఉన్నది అదే. కాబట్టి కోల్పోవాలంటే ముందు దక్కించుకున్న మనిషి ఒకడు ఉండాలి. ‘ఆయన ఆస్తి కోల్పోయాడు’ అంటాం, అక్కడ కర్త ఆయన. అదే సంగతిని ‘ఆస్తి పోయింది’ అంటే కర్త ఆస్తి, పోగొట్టుకున్నవాడు వాక్యంలో కనపడనే కనపడడు. క్వెన్య పాదంలో పోగొట్టుకున్నవాళ్ళు కర్తగా లేరు, ఉన్నది వలిమర్ ఒక్కటే. మీరు కోల్పోవు పెట్టారు, దానికి కావలసిన మనిషి అక్కడ లేడు, అందుకని ‘బడు’ తగిలించాల్సి వచ్చింది. పంటి కింద రాయి ఆ ‘బడు’.

‘పోవు’ పెట్టి చూడండి, వాక్యం కుదురుగా కూర్చుంటుంది. మన పోవుకి ఉన్న విస్తారం గమనించండి. పర్సు పోయింది. కరెంటు పోయింది. పరువు పోయింది. తాతగారు పోయారు. ఆ రోజులు పోయాయి. 1959–60 ప్రాంతంలో టోల్కీన్ తన జాతినామాల వ్యాసంలో (‘క్వెంది అండ్ ఎల్దార్’, అచ్చయింది 1994లో) ‘వన్వ’కి వరసగా ఇచ్చిన అర్థాలు ఇవి: వెళ్ళిపోయిన, పోయిన, ఇక దక్కని, మాయమైన, తరలిపోయిన, మరణించిన, గడిచి ముగిసిన. ఇంగ్లీషులో ఇన్నిటికి ఇన్ని మాటలు కావాల్సి వచ్చాయి. తెలుగులో ఒక్క ‘పోయిన’ వీటిలో ముప్పాతిక భాగం మోస్తుంది.

ఇక మూలం. ధాతువు ‘అవ’. అర్థం ‘నుంచి దూరంగా’. దీని రూపాలు క్వెన్యలో మూడు దారుల్లో వచ్చాయి. ‘ఔ’ ఉపసర్గ అయింది. ‘వ’ అంటే ‘నుంచి’. ‘ఒఅ’, ‘ఒఅర్’ అంటే దూరంగా, అవతలికి. అవ కుదించుకుపోయి ఔ కావడం మనకి వింత కాదు, అవును అన్నది ఔను కాలేదూ! ఆ ‘ఔ’ మీద కట్టిన క్రియే ‘ఔత’. దీనికి ఆయన చెప్పిన అర్థం చాలా జాగ్రత్తగా ఉంటుంది: మాట్లాడేవాడి మనసు ఏ చోట ఉందో ఆ చోటు విడిచి వెళ్ళడం. మన వచ్చు, వెళ్ళు తేడా సరిగ్గా ఇలాంటిదే కాబట్టి తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

వాడుకలో ఉన్న భూతకాలాలు రెండు. ‘ఒఅంతె’, ‘వానె’. మొదటిది ‘అవ’ మీద మామూలు భూతకాల ప్రత్యయం చేరి వచ్చింది, ఇంకో చోటికి కదిలి వెళ్ళడం అన్న భౌతికమైన అర్థం దానిది. రెండోది ‘వా’ అనే రూపం నుంచి వచ్చి, వన్వ పక్కన బతకడం వల్ల దాని నీడ పడి, ‘తిరిగి రాకుండా పోయింది’ అన్న అర్థానికి స్థిరపడింది. తెలుగులో చెప్తాను: ‘తాతగారు సింహాచలం వెళ్ళారు’ ఒఅంతె. ‘తాతగారు పోయారు’ వానె. ఇంతకన్నా దగ్గరి జంట ఇంకో భాషలో వెతకడం కష్టం.

గాజువాక నుంచి

మాస్టారూ, ఒక చిన్న సవరణ. వెళ్ళు, పోవు జంట మన కోస్తా రాతభాషలో నిజం. తెలంగాణలో, రాయలసీమలో ‘బజారుకు పోయిండు’, ‘బజారుకు పోయినాడు’ అంటే బజారుకి వెళ్ళాడనే. అక్కడి పాఠకులకి ‘పోయెను’ అని ఒంటరిగా పెడితే ఒఅంతె, వానె రెండూ ఒకే మాటలో కలిసిపోతాయి. మన ఉత్తరాంధ్రలోనూ ‘ఎల్లిపోనాడు’ అంటే ఊరు వెళ్ళినవాడూ కావచ్చు, లోకం విడిచినవాడూ కావచ్చు. పట్టికలో ఈ సంగతి ఒక ముక్క రాయకపోతే సగం మంది తప్పుగా చదువుతారు.

ఆ మాటకొస్తే మనకి ఇంకో పోవు ఉంది, సహాయక క్రియ. విరిగిపోయింది, మర్చిపోయాను, అయిపోయింది. ఇక్కడ పోవుకి నడక అర్థం లేదు, ‘ఇక వెనక్కి రాదు’ అన్న ముద్ర వేస్తుంది. వానె అర్థంలో నాకు కనిపిస్తున్నది ఈ పోవే. ‘గడిచి ముగిసిన’ అన్న చివరి అర్థానికి ‘అయిపోయిన’ పెడితే ఏ ప్రాంతం వాళ్ళకీ తేడా రాదు.

లాసన్స్ బే కాలనీ నుంచి

ఒప్పుకుంటున్నానండీ, అది పట్టికలో ఉండాల్సిందే. దానికి తోడు ‘చనిపోవు’ని కూడా చూడండి. పాత తెలుగులో ‘చను’ అంటే వెళ్ళడం. చనియె అంటే వెళ్ళాడు. చను, పోవు, రెండూ వెళ్ళడాలే. రెండు వెళ్ళడాలు కలిసి ఒక మరణం అయ్యాయి. ఇవాళ ‘చను’కి విడిగా వాడుక లేదు కాబట్టి ఎవరికీ ఆ సంగతి తట్టదు. సంస్కృతం నుంచి తెచ్చుకున్నవీ అంతే: గతం అంటే వెళ్ళినది, గతించారు అంటే పోయారు, దివంగతులు అంటే దివికి వెళ్ళినవారు. గతం ఒక్కటే గడిచిన కాలాన్నీ పోయిన మనిషినీ చెప్తుంది.

క్వెన్యలో కూడా వన్వ మీద ‘వన్వియె’ అని నామవాచకం ఉంది, అర్థం గతం, గడిచిన కాలం. ఇది 1930ల నాటి ధాతుకోశంలో (‘ఎటిమాలజీస్’, అచ్చు 1987) ‘వన్’ అనే ధాతువు కింద ఉంది. అక్కడే రెండో ఎల్ఫు భాష రూపాలూ ఉన్నాయి: ‘గ్వన్నొ’ అంటే తరలివెళ్ళడం, చనిపోవడం. ‘గ్వన్’ అంటే పోయినవాడు. మొదట్లో వచ్చే పాత ‘వ’ ఈ భాషలో ‘గ్వ’ అవుతుంది, క్వెన్యలో పెదవీ పన్నూ తగిలే వకారం అవుతుంది. వన్వ, గ్వన్ చూడటానికి చుట్టాల్లా లేకపోయినా ఒకే కడుపున పుట్టినవి.

ఒక జాగ్రత్త. ధాతుకోశంలో ఆ రెండో భాష పేరు నోల్దొరిన్. తర్వాతి రోజుల్లో టోల్కీన్ దాని చరిత్రా కొన్ని రూపాలూ మార్చి సిందరిన్ అన్నారు. ‘గ్వన్నొ’ని ఉన్నదున్నట్టు తీసుకుని ‘ఇది సిందరిన్’ అని రాయకండి. మూలంలో ఏ భాష పేరుంటే ఆ పేరు పెట్టి, పక్కన ఏ కాలపు రాతో వేయండి. వన్వ కూడా 1930ల్లో ‘వన్’ ధాతువు కింద ఉంది, 1960 నాటికి ‘అవ’ కిందికి మారింది. రెండిట్లో ఏది సరైనదని పోట్లాడక్కర్లేదు. ఒకే మనిషి ఒకే మాటకి రెండు కాలాల్లో చెప్పిన రెండు వ్యుత్పత్తులు అవి.

భీమిలి నుంచి

నాదొక ప్రశ్న. మన తీరంలో ‘వేటకెళ్ళాడు’ అంటే ఒఅంతె, అది తేలికే. వాతావరణం పాడై పడవ తిరిగి రాకపోతే మర్నాడు పేపర్లో ‘ముగ్గురు మత్స్యకారులు గల్లంతు’ అని వేస్తారు. గల్లంతంటే పోయారని కాదు, బతికున్నారనీ కాదు. అసలు గల్లంతు అంటే అల్లరి, గందరగోళం. పేపర్ల చేతిలో పడి ‘ఆచూకీ లేకపోవడం’ అయింది. ఈ మధ్యస్థితికి క్వెన్యలో ఏ మాట పెట్టాలి? ‘వానె’ అంటే ఇంటివాళ్ళ ఆశని మనమే తెంపేసినట్టవుతుంది.

లాసన్స్ బే కాలనీ నుంచి

చాలా మంచి ప్రశ్నండీ. వానె వద్దు, మీరన్న కారణానికే. ఒఅంతె ఒక్కటే పెట్టినా సంగతి సగమే చెప్పినట్టు, బయలుదేరాడని తెలుస్తుంది, ఆచూకీ లేదని తెలియదు. దీనికి వేరే ధాతువు దగ్గరికి వెళ్ళాలి. ‘హెక్’.

హెక్ అంటే పక్కకి, విడిగా, వేరుగా. దీని మీద క్వెన్యలో నిలబడ్డ మాటల్లో మూడు చూడండి.

‘హెక!’ అంటే పో, పక్కకి జరుగు. ఎక్కువగా మనుషులతోనే అంటారు.

‘హెక్వ’ అంటే దాన్ని పక్కన పెడితే, దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, అది మినహా.

‘హెకిల్’ అంటే తన వాళ్ళకి దూరమైనవాడు, తన వాళ్ళు విడిచేసినవాడు, దిక్కులేనివాడు, వెలివేయబడ్డవాడు. స్త్రీ అయితే ‘హెకిలె’.

ఈ మూడూ ఒక ధాతువు నుంచి ఎలా వచ్చాయని ఇంగ్లీషులో చెప్పాలంటే ఒక పేరా కావాలి. తెలుగులో ఒక క్రియ చాలు. తప్పు.

తప్పుకో! అంటే పక్కకి జరుగు.
తప్ప అంటే మినహా. ‘నువ్వు తప్ప ఎవరూ రాలేదు.’
తప్పిపోయినవాడు అంటే తన వాళ్ళకి దూరమైనవాడు.

గిరి ప్రదక్షిణ రాత్రి సింహాచలం దారిలో నిలబడితే ఈ కుటుంబమంతా చెవిన పడుతుంది. వెనక నుంచి ‘తప్పుకోండి, తప్పుకోండి’ అని తోసుకొస్తుంటారు. మైకులో తప్పిపోయిన పిల్లాడి గుర్తులు చెప్తుంటారు. పక్కన ఎవరో ‘మావాళ్ళు తప్ప అందరూ వచ్చేశారు’ అంటుంటారు. మాట ఒక్కటే, మొదటిది ఆజ్ఞ, రెండోది ఒక మనిషి గతి, మూడోది లెక్క. తెలుగు చేసేవాళ్ళకి ఇలాంటి అదృష్టం పట్టడం అరుదు, వదులుకోకండి.

మీ గల్లంతుకి ‘హెకిల్’ సరిపోతుంది. అందులో చావు మాట లేదు. తన వాళ్ళ నుంచి తప్పిపోయాడన్నంతవరకే చెప్తుంది.

పెందుర్తి నుంచి

హెకిల్‌లో ‘వెలివేయబడ్డవాడు’ అర్థం కూడా ఉందన్నారు. తప్పిపోవడంలో ఆ కోపం లేదు కదా. సముద్రం మీద పోయినవాడికి అది పెడితే నింద వేసినట్టు కాదా?

లాసన్స్ బే కాలనీ నుంచి

నిజమే, హెకిల్‌కి రెండు మొహాలున్నాయి. తప్పిపోయినవాడు ఒకటి, తరిమేసినవాడు ఇంకొకటి. ఏ మొహమో సందర్భం చెప్పాలి. తెలుగు పట్టికలో రెండు వరసలు వేయండి: తప్పిపోయినవాడు, వెలిపడ్డవాడు. వెలి అంటే బయట, కాబట్టి రెండోది కూడా ధాతువుకి దూరం పోలేదు.

ఈ ధాతువు కథలో ఎంత పని చేసిందో చెప్తే నింద సంగతి ఇంకా తేటపడుతుంది. ఎల్ఫులు పడమర సముద్రం దాటి వెళ్ళే ప్రయాణంలో ఒక గుంపు నాయకుడు ఎల్వె అడవిలో కనపడకుండా పోయాడు. అతన్ని వెతుకుతూ కొంతమంది ఇవతలే ఉండిపోయారు, మిగతావాళ్ళు దాటేశారు. ఉండిపోయిన వాళ్ళు తమని తాము ‘ఎగ్లథ్’ అనుకున్నారు, విడిచిపెట్టబడ్డవాళ్ళం అని. దాటినవాళ్ళ భాషలో వాళ్ళ పేరు ‘హెకెల్ది’. రెండూ హెక్ కుటుంబమే. దోరియథ్ అని మనం చదివే రాజ్యానికి పాత పేరు ‘ఎగ్లదోర్’ కూడా ఇందులోదే, విడిచిపెట్టబడ్డవాళ్ళ నేల. నాయకుణ్ణి వెతకడానికి ఆగినవాళ్ళకి ఈ పేరు మిగిలింది. ఆగినవాళ్ళ తప్పేమీ లేదు. అందుకే దీన్ని తెలుగులో ‘బహిష్కృతులు’ అని రాసినచోటల్లా నాకు కష్టంగా ఉంటుంది. ‘వెనక దిగబడిపోయినవాళ్ళు’ అనండి, ‘విడిచేసిన జనం’ అనండి, ఆ బహిష్కృతులు మాత్రం వద్దు.

పక్కనే ఇంకో పేరుంది, దాంతో కలపకండి: ‘అవరి’. అది ‘అబ’ ధాతువు నుంచి, నిరాకరించడం. ప్రయాణానికే రామన్నవాళ్ళు. అదే అబ నుంచి వచ్చిన ‘వా!’ అంటే ‘నేను చెయ్యను’, ‘వద్దు’. అవ, అబ ధాతువులు చెవికి దగ్గరగా ఉండటంతో వెళ్ళడాన్నీ రాననడాన్నీ తారుమారు చేసే ప్రమాదం ఉంది.

పెందుర్తి నుంచి

మరణానికి విడిగా మాటలేదా? అన్నీ వెళ్ళడం నుంచేనా?

లాసన్స్ బే కాలనీ నుంచి

ఉంది, దాని పుట్టుక చాలా సున్నితమైనది. ‘ఫిర్’ ధాతువు, అర్థం ఊపిరి బయటికి వదలడం. ‘ఫీరె’ అంటే ఊపిరి విడిచింది. వలిమర్ ఉన్న పడమటి లోకంలో చావన్నది ఎరగరు. అలాంటి చోట మీరియెల్ అనే తల్లి కొడుకుని కన్న తర్వాత సొమ్మసిల్లి ప్రాణం విడిచినప్పుడు దాన్ని చెప్పడానికి వాళ్ళ దగ్గర మాట లేదు, ఉన్న ‘ఊపిరి వదిలింది’నే వాడారు. తర్వాత ఆ మాట మనుషుల చావుకి స్థిరపడింది, మర్త్యుడు అనే మాట ‘ఫీరిమ’ కూడా దాని నుంచే వచ్చింది. మనం ‘తుది శ్వాస విడిచారు’ అంటున్నప్పుడు పట్టుకున్నదీ ఆ కొసే. దీనికి ‘ఊపిరి విడిచింది’ తప్ప ఇంకేదీ పెట్టకండి. ‘మరణించింది’ అంటే ఆ మాట ఎలా పుట్టిందో చెరిపేసినట్టే.

సీతమ్మధార నుంచి

చాలా థాంక్స్ మాస్టారూ. ఉచ్చారణ పట్టిక కూడా ఇస్తున్నాను కాబట్టి తెలుగు లిపిలో ఎలా రాయాలో, ఎక్కడ పొరపాట్లు వస్తాయో కూడా చెప్పండి.

గాజువాక నుంచి

ఇది నేను చెప్తాను, మన లిపికి ఇక్కడ మంచి బలం ఉంది. ఇంగ్లీషు చదివేవాళ్ళకి చివరి ‘ఎ’ పలకాలని గుర్తు చేయడానికి దాని నెత్తి మీద రెండు చుక్కలు పెడతారు. మనకి ఎ, ఏ వేరు వేరు అక్షరాలు కాబట్టి ‘వానె’ అని రాస్తే పని అయిపోయింది. ‘వానే’ అని దీర్ఘం తీయకండి. ‘నమారియె’లో చివరిది కూడా పొట్టి ఎకారమే, చాలామంది ‘నమారీ’ అని మింగేస్తారు. ‘ఒఅంతె’లో ఒ, అ విడివిడిగా పలకాలి. ‘వాంతె’ అని కలిపి రాస్తే అర్థం ఏ దిక్కుకి పోతుందో చెప్పక్కర్లేదు. తకారం పళ్ళకి తగిలేదే, ‘ఒఅంటె’ కాదు.

ఊనిక (పలికేటప్పుడు వేసే నొక్కు) ఎక్కడ పడాలో తెలుసుకోవడానికి ఛందస్సు తెలిసినవాళ్ళకి కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. చివరి నుంచి రెండో అక్షరం గురువైతే ఊనిక దాని మీద. లఘువైతే దానికి ముందు అక్షరం మీద. రెండే అక్షరాలుంటే మొదటిదాని మీద. ‘నమారియె’లో చివరి నుంచి రెండోది ‘రి’, లఘువు, కాబట్టి ఊనిక ‘మా’ మీద. ‘ఒఅంతె’లో ‘అం’ గురువు, ఊనిక దాని మీదే. గురువు లెక్క కూడా మనదే: దీర్ఘమైనా, సంయుక్తాక్షరం ముందున్నా గురువు.

మన లిపి బలహీనత ఒకటుంది. ‘వన్వ’లో రెండు వకారాలు వేరు. మొదటిది కింది పెదవి పై పళ్ళకి తాకుతుంది, రెండోది పెదవులు గుండ్రంగా చుట్టి పలికేది. తెలుగులో రెండిటికీ ‘వ’ ఒక్కటే దిక్కు. పక్కన వాక్యం రాసి చెప్పడం తప్ప మార్గం లేదు. ‘వన్‌ఉఅ’ అని రాస్తే చూడ్డానికి మాటలాగే ఉండదు.

ఇంకోటి. ఆ పాదంలో ‘నా’ అంటే ‘ఉన్నది, అగును’. తెలుగు లిపిలో చూసినవాళ్ళు ‘నాది’ అనుకుంటారు. గమనిక తప్పదు.

లాసన్స్ బే కాలనీ నుంచి

నేను రెండు ఉచ్చులు చేరుస్తాను. ‘వన్య’. ధాతుకోశంలో ఇది ‘వన్’ కింద వెళ్ళిపోవడం అనే క్రియ, ‘బన్’ అనే ఇంకో ధాతువు కింద అందమైన అనే విశేషణం. క్వెన్యలో మొదట వచ్చే బకారం కూడా వకారమే అవుతుంది కాబట్టి రెండూ ఒకే రూపానికి వచ్చి పడ్డాయి. పోయినవాళ్ళ జ్ఞాపకంగా చేతి మీద పచ్చబొట్టో, ఫొటో కింద ఒక మాటో వేయించుకునేవాళ్ళు దీన్ని ఎంచుకుంటే చదివినవాడు ‘అందమైన’ అని చదువుతాడు. అందుకు వన్వ వాడండి, దానికి అలాంటి జోడు లేదు. సంస్కృతంలోనూ ఈ బెడద ఉంది. నష్టంలోని ‘నశ్’కి కనపడకుండా పోవడమని అర్థం, వేదభాషలో అదే రూపంతో చేరుకోవడం, పొందడం అని ఇంకో ‘నశ్’ ఉంది.

రెండోది ‘ఔత’. ధాతుకోశంలో ‘గవ’ ధాతువు కింద ఊహించి రూపొందించడం అనే ఇంకో ఔత ఉంది. నిఘంటువులో వెతికి మొదట కనిపించిన అర్థం తీసుకోకండి.

మరొకటి, ఔత అనగానే ఏడుపు మొహం పెట్టకండి. ఒక యుద్ధఘట్టంలో సైన్యం ‘ఔత ఇ లోమె!’ అని అరుస్తుంది. లోమె అంటే రాత్రి. ‘చీకటి పోతోంది!’ అని. అది ఆశ. క్రియలో దుఃఖం లేదు, పోయేది ఏమిటన్న దాంట్లో ఉంది. మన ‘జ్వరం పోయింది’, ‘ప్రాణం పోయింది’ లాంటిదే.

పూర్ణభూతం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రెండు ముద్రణల మధ్య ఉన్న ఒక తేడా వల్ల తగాదాలు జరుగుతుంటాయి. క్వెన్యలో పూర్ణభూతానికి ధాతువులోని అచ్చునే ముందు ఒకసారి చేర్చి, లోపలి అచ్చుని దీర్ఘం చేసి, చివర ‘ఇయె’ పెడతారు. ‘తుల్’ అంటే రావడం, ‘ఉతూలియె’ అంటే వచ్చేశాడు. అలాగే ‘అవానియె’ అంటే పోయింది, ఇప్పటికీ పోయే ఉంది. బహువచనానికి చివర రేఫ: ‘అవానియెర్’. 1954లో మొదటిసారి అచ్చయినప్పుడు నమారియె పాటలో ముందు ‘అ’ లేకుండా ‘వానియెర్’ అని ఉంది, 1960ల సవరణలో ‘అ’ చేరింది. పాత ప్రతీ కొత్త ప్రతీ చూసినవాళ్ళు ఒకరినొకరు తప్పంటూ ఉంటారు. రెండూ అచ్చులో ఉన్నవే. పట్టికలో సవరించినది పెట్టండి. ఆ వాక్యంలో పోయినవి ‘యేని’, ఒక్కో ‘యేన్’ మన లెక్కలో 144 ఏళ్ళు, 52,596 రోజులు. దాన్ని ‘సంవత్సరాలు’ అని తేల్చేస్తే బరువు పోతుంది. ‘యుగాలు’ అంటే మరీ ఎక్కువ. ‘దీర్ఘవర్షాలు’ లాంటిది ఒకటి కట్టుకోవాలి.

భీమిలి నుంచి

నమారియె సంగతి మిగిలిపోయింది.

లాసన్స్ బే కాలనీ నుంచి

అవునండీ. మూడు ముక్కలు: ‘ఆ’ ఆజ్ఞని తెలిపే అవ్యయం, ‘న’ ఉండు, ‘మారియె’ మేలు, బాగు. కలిపితే ‘బాగుండు’, మొదటి ‘ఆ’ రాలిపోయింది. విడిపోవడమనే అర్థం ఇందులో ఎక్కడా లేదు. వీడ్కోలు అలా కాదు: వీడు, కోలు. విడవడం దానిలోనే ఉంది. మొదట చెప్పిన కోల్పోవులోని కోలు, ఇదీ ఒక్కటే. కాబట్టి పట్టికలో ‘వీడ్కోలు’ అన్నది వాడే సందర్భంగా ఇవ్వండి. మాటకి అర్థంగా ‘చల్లగా ఉండు’ ఇవ్వండి. పెద్దలు గుమ్మంలో నిలబడి అనేది అదే కదా. ‘వెళ్ళొస్తాను’ మాత్రం పెట్టకండి. అందులో తిరిగి వస్తానన్న మాట ఉంది, అది వెళ్ళేవాడే అనాలి. నమారియెలో రావడం లేదు, వెళ్ళడమూ లేదు. ఎవరు ఎవరితోనైనా అనొచ్చు.

ఆఫీసులో పదవీ విరమణ సభకి కార్డు రాసేవాళ్ళు కూడా ఇది గమనించండి. నమారియె నిక్షేపంలా వేయొచ్చు. పెద్దాయన పేరు పక్కన ‘అవానియె’ వేస్తే ఆయన పోయారని రాసినట్టే. అక్కడ కావలసింది ‘ఒఅంతియె’.

సీతమ్మధార నుంచి

పాదాన్ని ఇలా మార్చాను: ‘ఇప్పుడు లేకుండా పోయింది, తూర్పువాళ్ళకి లేకుండా పోయింది, వలిమర్.’ కుదిరిందా?

గాజువాక నుంచి

‘లేకుండా పోయింది’ అంటే వలిమర్ నాశనమైందన్నమాట. అది నాశనం కాలేదు, పడమర దాని చోట అది ఉంది. తూర్పున ఉండిపోయినవాళ్ళకి అందదు, అంతే. ‘రోమెల్లొ’ పంచమీ విభక్తి, ‘తూర్పు నుంచి’. రోమెన్ అంటే తూర్పు, దానికి ‘నుంచి’ అర్థం ఇచ్చే ‘ల్లొ’ చేరి నకారం కలిసిపోయింది. తూర్పు నుంచి చూసేవాళ్ళకి పోయింది. ‘దక్కకుండా పోయింది’ అనండి. ‘ఇక దక్కని’ అని టోల్కీన్ ఇచ్చిన అర్థం కూడా అదే కదా.

లాసన్స్ బే కాలనీ నుంచి

‘దక్కకుండా’ చాలా బాగుంది. కానీ కింద రెండో పాదం చూసి మాట ఎంచుకోవాలి. వెంటనే ‘నై హిరువల్యె వలిమర్’ అని వస్తుంది. ‘హిర్’ అంటే కనుగొనడం, దొరకడం. ‘ఉవ’ భవిష్యత్తు. ‘నై’ అంటే అలా అగుగాక. పైన పోయిందన్నదే కింద దొరకాలని కోరుకుంటుంది. ఆ రెండు పాదాలూ ఒకదాన్నొకటి చూసుకోవాలంటే పైన కూడా ‘దొరకు’ ఉండాలి. దక్కడం అంటే సొంతం కావడం, అక్కడ ఎవరూ వలిమర్‌ని సొంతం చేసుకోవాలనుకోవడం లేదు, చేరుకోవాలనుకుంటున్నారు.

ఇంకో సంగతి, ఇది ఇంగ్లీషులో పోతుంది, తెలుగులో పోనివ్వకండి. ‘హిరువల్యె’ చివర ఉన్న ‘ల్యె’ గౌరవంగా పిలిచే రూపం. చనువుకి ‘త్యె’ వేరే ఉంది. వేల ఏళ్ళ వయసున్న ఎల్ఫు దొరసాని గలద్రియెల్, నడుము ఎత్తు దాటని హాబిట్ ఫ్రోదోని సాగనంపుతూ ఈ రూపం వాడింది. ‘నీకు’ అని రాస్తే అది పోయినట్టే.

సీతమ్మధార నుంచి

అయితే ఇలా వేస్తున్నాను:

‘ఇప్పుడిక దొరకకుండా పోయింది, తూర్పువాళ్ళకి దొరకకుండా పోయింది, వలిమర్. మీకు దొరుకుగాక వలిమర్.’